ఆరు మోటర్లు, ఆరు కాయలు

కాశిబుగ్గ దాటాక రామలింగం సేటు బియ్యం మిల్లు. అందులో ఎల్లస్వామి మోటర్లు నడిపేవాడు. బడి మొహం ఎక్కువ చూసినవాడు కాదు. కానీ చెయ్యి ఆనించి చూశాడంటే చాలు, ఏ మోటరు అలిసిందో, ఏది అలిగిందో చెప్పేసేవాడు. ఇంట్లో భార్య మల్లక్క అలిగితే మాత్రం రెండు రోజులదాకా తెలిసేది కాదట!

పొద్దున్నే మిల్లు నడిపించడానికి అతనికొక పద్ధతి ఉంది. ఆరు మోటర్లలో పెద్దదాన్ని ముందు తిప్పుతాడు. ఏ మోటరైనా కదిలేటప్పుడు కరెంటును ఆబగా లాగుతుంది, వేగం అందుకున్నాక నెమ్మదిస్తుంది. అదెంత లాగుతోందో చూపించే ముల్లు బోర్డు మీద ఉండేది. అది కిందికి దిగేదాకా ఎల్లస్వామి రెండోదాని జోలికి పోడు.

ఏడాదికొక్క రోజే ఈ పద్ధతి చెల్లేది కాదు. దసరాకు ఆయుధపూజలో సేటు కొబ్బరికాయ కొట్టగానే మిల్లంతా ఒక్కసారే కదలాలని సేటు తల్లి మాణిక్యమ్మ పట్టు. ఆమె భర్త కాలంలో ఆయిలింజను ఉండేది. అదొక్కటి తిరిగితే పట్టీల మీద యంత్రాలన్నీ తిరిగేవి. ఇంజను పోయి మోటర్లొచ్చాయి, ఆచారం మాత్రం కదల్లేదు. కొన్నేళ్లు ఎలాగో గట్టెక్కింది. డెబ్బై ఎనిమిదిలో మాత్రం దసరాకు ఇంటివాళ్లు ఆరుగురూ ఆరు స్విచ్‌లు ఒక్కసారే నొక్కారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఢామ్మని పేలింది. లైన్‌మన్ పండక్కి ఊరెళ్లాడు. మూడు రోజులు మిల్లు మూగబోయింది. నొక్కింది వాళ్లు, తిట్లు ఎల్లస్వామికి!

"మల్లొక్కసారి గిట్లయితే నువ్వు ఇంటికాన్నే ఉండు," అన్నాడు సేటు.

మరుసటి దసరా రానే వచ్చింది. ఎల్లస్వామి భయపడుతూనే మాణిక్యమ్మ ముందు చేతులు కట్టుకున్నాడు.

"పెద్దమ్మా, అప్పుడు ఇంజను ఒక్కటి, కాయ ఒక్కటి. ఇప్పుడు మోటర్లు ఆరాయె. ఒక్కదానికి కాయ గొట్టి అయిదింటిని ఉపాసముంచుతమా?"

ముసలమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో, గీ సంగతి ఇన్నేండ్లు చెప్పకపోతివేందిరా! జల్ది ఇంకో అయిదు కాయలు తెప్పియ్యి."

మొదటి కాయ పగిలింది. ఎల్లస్వామి పెద్ద మోటరు తిప్పాడు. ముల్లు ఎగిరి, దిగింది. రెండోది, మూడోది అయ్యాయి. ఈలోగా ఆకలేసిన సేటు రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని, ఇంక అన్నీ నొక్కేయమని సైగ చేశాడు. ఎల్లస్వామి స్విచ్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆగు సేటూ! మూడోదానికి హారతి కాలే!"

"ఏం తొందరరా నీకు?" మాణిక్యమ్మ కొడుకును కసిరి, తీరిగ్గా హారతి తిప్పింది. ముల్లూ అంతే తీరిగ్గా దిగింది.

ఆరో మోటరు అందుకునేసరికి లైట్లు ఒకసారి మసకబారి, మళ్లీ నిలదొక్కుకున్నాయి. ఫ్యూజు చెక్కుచెదరలేదు. ఎల్లస్వామి సంతోషం పట్టలేక చెమటా కన్నీళ్లూ ఒకే తువ్వాలుతో తుడుచుకున్నాడు.

ప్రసాదం పంచుతూ సేటు అతని దగ్గర ఆగాడు.

"వచ్చే దసరకు ఏడు కాయలు చెప్పిపెట్టు. ఇంకో మోటరు తెస్తున్న. నడిపేటోడివి నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్!"