తెర కోసం సాపు చేసిన మిద్దె పాట

ఆ వార్త నాకు మొదట మోసుకొచ్చింది కామాటిపురాలో, ఒంటి గదులు వరసగా ఉండే మా చాల్ మెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే కాక. ఆయన తెచ్చింది మంచి వార్తే, ఆయనకు దేవుడు మేలు చేయాలి. దాన్ని రోత చేసింది మేము. పాటల క్యాసెట్లు చేసి అమ్మే మాస్టర్‌కు చొక్కాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు విన్నాడట: మా అంతస్తులో చివరి గది అవ్వ పాడే మిద్దె పాటను క్యాసెట్‌లో వేస్తారని, అదీ ఆమె గొంతుతోనే వేస్తారని.

"నువ్వు చేత్తోని రాసే పని ఇగ కంప్యూటర్ పెట్టె చేస్తదంటనే బిడ్డా," అన్నాడు. "నీ పెన్ను నాకియ్యి, చొక్కాల మీద గుర్తులేసుకుంట."

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు సన్నబడింది, మెట్లు దిగడం కష్టమైంది. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, హార్మోనియం నేర్పాడు, బ్యాండు వాళ్లు చూసి వాయించే అయిదు గీతల రాత కూడా నేర్పాడు. ఆ రాతే నాకు అన్నం పెట్టింది. రికార్డింగులకు వాయించే వాళ్లకోసం పాటలను కాగితాల మీద ఎత్తి రాసి ఇచ్చేదాన్ని. రోజూ సాయంత్రం దీపం పెట్టి, నాకు మేలు చేసిన వాళ్లందరినీ ఒక్కొక్కరిగా తలుచుకోవడం నాకు అలవాటు. మొదట నాన్న, తర్వాత మిగతావాళ్లు.

అవ్వ పాట మా వాళ్లందరిదీ. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇళ్లు కట్టిన ఆడవాళ్లు మిద్దె మీద తడి సున్నం పరిచి, వరుసగా కూర్చుని, కొయ్య పలకలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. ఆ పనిలో పాడిన పాట అది. ఆంజనేయుణ్ణి పిలిచి, స్వామీ, ఈ మిద్దె మీద ఒక్కసారి నిలబడు, వానకు కారుతుందేమో చూసి చెప్పు అని అడుగుతుంది. ఎనభైల చివరికి అలాంటి మిద్దెలు ఎవరూ కట్టించుకోవడం లేదు. శనివారం భజనలో అందరం అవ్వ వెనక అందుకునేవాళ్లమే కానీ, పన్నెండు చరణాలూ వరుస తప్పకుండా తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆమె గొంతు అప్పటికే తడబడుతోంది. ఆ ఏడు క్యాసెట్‌లోకి ఎక్కకపోతే పాట ఆమెతోనే పోతుందని నాకు తెలుసు. అందుకే మాస్టర్ పిలవగానే వెళ్లాను.

మాస్టర్ గది గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, మొదటి అంతస్తులో. ఆయన కూడా మా గల్లీల్లోనే పుట్టాడు, అయినా ఆ మాట ఎవరైనా అంటే విననట్టు ఉండేవాడు. విదేశం నుంచి తెప్పించిన కంప్యూటర్‌ను ఎర్ర గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. దానికి కుంకుమ బొట్టు, ముందు నిమ్మకాయ. పక్కనే తీగతో కలిపిన కీబోర్డు. కీబోర్డు మీద వాయిస్తే స్వరాలు తెర మీద గీతల్లో పడేవి. తెర మీద ఉన్నదాన్ని పాడమంటే కీబోర్డు మళ్లీ వాయించేది. ఏసీ పెట్టి కిటికీలు మూసిన ఆ గదిలో తడి తివాచీ వాసన, దాని మీద ఆయన పాన్ వాసన. మొదటి రోజు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. రెండో రోజూ అంతే. అలవాటవుతుందన్నారు, కాలేదు.

అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తివాచీ పాడవుతుందని ఆయన ఆమెను వెనక్కి పంపి పాయిఖానా పక్క నల్లా కింద కాళ్లు కడుక్కుని రమ్మన్నాడు. డెబ్బయ్యేళ్ల మనిషి. కడుక్కుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఒళ్లో ముడుచుకుంది. బల్ల తాకొద్దు, చప్పుడు చేయొద్దు, పాట మాత్రం పాడమన్నాడు ఆయన. కంప్యూటర్ టిక్కు టిక్కుమని లెక్క పెడుతుంటే ఆమె పాడింది, నేను వెంట వాయించాను. మొదటి మాటను ఒక టిక్కు మీద సరిగ్గా పెట్టాను.

తర్వాత పాడమంటే పెట్టె పాడలేదు. తెర మీద స్వరాలు ఒక్కొక్కటే నల్లబడుతూ ముందుకు పోతున్నాయి, కీబోర్డు నుంచి చప్పుడు లేదు. మాస్టర్ తీగ పీకి పెట్టాడు, ఊది పెట్టాడు, నిమ్మకాయ మార్చాడు. నేను పెట్టెతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ ఒక్కొక్కటి సరిచూశాను. చివరికి తేలింది, కంప్యూటర్ ఒకటో నంబరు దారిలో పంపుతుంటే కీబోర్డు రెండో నంబరు దారిలో వింటోంది. నంబరు మార్చగానే పలికింది. చెరిపేసిన స్వరాల తోకలు తెర మీద అలాగే మిగిలిపోయేవి, పేజీ పక్కకు జరిపి వెనక్కి తెస్తే పోయేవి. ఒక స్వరం పక్కన చుక్క మాత్రం ఎంత జరిపినా పోలేదు. చుక్క ఉంటే ఆ స్వరం నిడివి సగం పెరుగుతుంది. అరగంట వెతికాక పైట కొంగుతో తుడిచాను. వచ్చేసింది. అది ఆయన నోటి నుంచి పడిన పాన్ తుంపర. ఆ కొంగును ఇంటికి వెళ్లి మూడుసార్లు ఉతికాను.

అసలు జబ్బు ఇవేవీ కాదు. పాట మొత్తం తెర మీద చిక్కుపడి కనిపించింది. ప్రతి పొడుగు స్వరమూ రెండు ముక్కలై, వాటిని కలుపుతూ ఒక వంపు గీత. పేజీ నిండా వంపులే, జుట్టు రాలి పడ్డట్టు. డోలు చప్పుడు కలిపి వినిపిస్తే పాట కుంటింది. నాకు కుంటి నడక తెలుసు, అది పాటది కాదని కూడా తెలుసు, ఎక్కడ తప్పిందో మాత్రం దొరకలేదు.

"తాయీ, వాయించేటోళ్లు గిది చూస్తె ఉరికిపోతరు," అన్నాడు మాస్టర్, అక్కా అనడం మాని మరాఠీలో తాయీ అంటూ. "స్క్రీన్ సాఫ్ ఉండాలె. బస్."

ప్రతి స్వరాన్నీ దగ్గర్లో ఉన్న మాత్ర మీదకు లాగిపడేసే ఆజ్ఞ ఒకటి ఆ కంప్యూటర్‌లో ఉంది. ఆయన అది నొక్కాడు. వంపులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పేజీ పలకలా మెరిసింది. పాడించి చూస్తే, మా ఆడవాళ్ల పాట పోలీసుల కవాతులా నడిచింది. పొట్టి మాటలు సాగాయి, పొడుగు మాటలు తెగాయి. ఆంజనేయుడి పేరు మధ్యలో రెండు ముక్కలైంది. మాస్టర్ సంతోషంగా కాగితాలు అచ్చు తీయించాడు. తప్పని తెలిసీ నేను వాటిని వరుసగా పేర్చి ఇచ్చాను. పని పోతుందని భయం. ఆ సాయంత్రం దీపం ముందు ఆయన్ని తలుచుకోబోయాను, ఆయన పెట్టిన అన్నమే కదా అని. ఆయన వంతు రాకముందే లేచిపోయాను.

మర్నాడు వాయించేవాళ్లు వచ్చారు. కాగితం చూసి వాళ్లు అందుకుంటే అవ్వ అందుకోలేకపోయింది. తనకు అలవాటైన చోట నోరు తెరిచేసరికి వాళ్లు ముందుకు పోయేవారు. మూడుసార్లు ఆపారు. నాలుగోసారి వయొలిన్ పట్టుకున్నాయన కిసుక్కున నవ్వాడు.

"ఈ ముసల్దానికి తాళమే లేదు," అన్నాడు మాస్టర్, ఆమె ఎదురుగానే. "గల్లీల పాడుడు వేరు, గీడ పాడుడు వేరు."

అవ్వ తల దించుకుని, "నాకే వస్తలేదేమో సారూ," అంది. ఆ తాళానికే ఆమె ఈ ఊరి మిద్దెలు సగం కొట్టింది. ఆ మాట అక్కడ అనాల్సింది నేను. అనలేదు. మాస్టర్ మీద ఎంత రోత కలిగిందో, నా మీద నాకు అంతకంటే ఎక్కువ కలిగింది. వచ్చే సోమవారం వేరే గాయనిని పిలిపించి ఆ కాగితం ప్రకారం పాడిస్తానన్నాడు.

ఆదివారం పొద్దున నల్లా దగ్గర అవ్వ బండ మీద బట్టలు ఉతుకుతోంది. బట్ట దెబ్బ పడింది, వెంటనే పాట మొదలైంది. దెబ్బ, ఆ తర్వాత మాట. మళ్లీ దెబ్బ, తర్వాత మాట. నేను బకెట్ కింద పెట్టి నిలబడిపోయాను.

"అవ్వా, మొదలు దెబ్బనా, మొదలు మాటనా?"

"దెబ్బనే బిడ్డా. పలక పడంగనె నోరు తెరుస్తం."

"మరి మాస్టర్ దగ్గర ఆ దెబ్బ ఎందుకు చూపియ్యలే?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆయన పాట అడిగిండు. దెబ్బ పాటెట్లయితది? అది పని కద."

మా వాళ్లెవరూ ఆ దెబ్బను పాటలో లెక్కపెట్టలేదు. భజనలో తొడ మీద చెయ్యి తనంతట తానే పడేది. పుట్టినప్పటి నుంచి కొట్టిన నేను కూడా దాన్ని కాగితం మీద పెట్టలేదు, నా చేతికి అది రాయాల్సినదని తెలియదు. పాట మొదట్లో అర మాత్ర ఖాళీ ఉండాలి. అది లేక పాటంతా అర మాత్ర ముందుకు జరిగి కూర్చుంది. తెర చూపించిన చిక్కు అదే. అవ్వ తప్పూ లేదు, తెర తప్పూ లేదు.

సోమవారం అందరికంటే ముందే వెళ్లాను. స్వరాలను లాగిపడేయక ముందు నేను కంప్యూటర్‌లో దాచి ఉంచిన పాటను పైకి తీసి, మొట్టమొదట అర మాత్ర విరామం పెట్టాను. పేజీ పేజీ సర్దుకుంది. వంపు గీతలు తమంతట తామే పోయాయి, ఒక్క స్వరమూ తెగలేదు. డోలు కలిపి పాడించాను. ఆ దోమ గొంతు పెట్టెలోంచే అయినా, మా మిద్దె పాట నడిచింది. దేవుడికి చేతులు జోడించాను. అవ్వను మళ్లీ పిలవొచ్చు అనుకున్నాను.

మాస్టర్ వచ్చి విన్నాడు. రెండో చరణంలో ఆయన కుడి చెయ్యి తొడ మీద పడింది, సరిగ్గా మాటకు ముందు. ఆయనకు తెలుసు. వాళ్లమ్మ కూడా మిద్దెలు కొట్టిందే. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"బరోబరే ఉంది," అన్నాడు. "కాని కాయితాలు పంచేశిన తాయీ. గాయని టాక్సీల వస్తుంది. గింత తేడా ఎవలకు తెలుస్తది?"

తెలియక చేసినవాణ్ణి చూస్తే జాలి వేస్తుంది. ఆ చెయ్యి పడటం చూశాక నాకు ఆయన మీద మిగిలింది రోతే. ఆ పూట నా పెన్ను, కళ్లద్దాలు తీసుకుని మెట్లు దిగాను, మళ్లీ ఎక్కలేదు. నాకిప్పటికీ రోజూ తలుచుకోవడానికి మనుషులు చాలామందే ఉన్నారు. ఆయన్ని వాళ్లలో చేర్చలేకపోయాను. దేవుడు క్షమించాలి, నన్నో ఆయన్నో నాకు తెలియదు.

క్యాసెట్ బాగానే పోయింది. వినాయకుడి మండపంలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు దుకాణాల్లో అదే మోగింది. పిల్లలు ఆ కవాతు నడకే నేర్చుకున్నారు. ఒక సాయంత్రం వరండాలో అవ్వ తల దువ్వుతుంటే దూరం నుంచి మైకులో వచ్చింది. ఆమె కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"ఎవలదే బిడ్డా ఈ పాట? మంచిగనే ఉంది. మన పాట లెక్కనే ఉంది."

నేను దువ్వెన ఆపలేదు. ఎవరిదో అవ్వా అన్నాను. ఆ తర్వాతి వానాకాలం ఆమె పోయింది.

సరైన పాటను పన్నెండు చరణాలతో చేత్తో రాసి భజన మందిరంలో ఇచ్చాను. ఇప్పుడు దాన్ని చూసి పాడేవాళ్లు లేరు. క్యాసెట్ అట్ట మీద మాస్టర్ పేరు, గాయని పేరు ఉన్నాయి. మిద్దె మీద నిలబడమని ఆంజనేయుణ్ణి అడిగే పాట మీకెక్కడైనా వినిపిస్తే, పాడేది ఎవరైనా, ఎలా పాడినా, కామాటిపురా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని కుర్చీ అంచున కూర్చున్న ఒక అవ్వను దయచేసి తలుచుకోండి. పాట ఆమెది.