వాసన గడి

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి రాఘవులు రోడ్డు పక్క డ్రైన్ కాలవ గట్టు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అప్పటికే రెండు కార్లు ఆగాయి. మొదటి కారాయన బతికే ఉన్నావా అని అడిగాడు. రెండో కారావిడ అంబులెన్సుకు ఫోన్ చేయనా అంది. రాఘవులు ఇద్దరికీ చెయ్యి ఊపాడు గానీ నోరు విప్పలేదు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

అతని ముక్కుకు జానెడు దూరంలో ఒక పువ్వుంది. జానెడు కాడ, దాని చుట్టూ మెలి తిరుగుతూ పైకెక్కిన చిన్న చిన్న తెల్ల పూలు. పూలజడ వేసినట్టు ఉంటుంది. ఇంగ్లీషు పేరు ఎంత పొడుగైనా ఇంట్లో దాన్ని జడపువ్వు అనే అంటారు. ఆ పేరు అతని భార్య కమలకుమారి పెట్టింది. రాఘవులు మూడు ఫొటోలు తీసి, తల పక్కకు తిప్పి, అప్పుడు గాలి పీల్చుకున్నాడు. లేచి గట్టు పొడవునా నడుస్తూ మొక్కలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

కెనడాలోని సార్నియా ఊరి నుంచి తూర్పుకు ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే, సోయా చేల మధ్య ఉంటుంది ఆ కాలవ. గట్టు వెంబడి పది గజాలకొకటి చొప్పున నారింజ రంగు గుర్తు కర్రలు పాతి ఉన్నాయి. వచ్చే సోమవారం మెషీన్ వచ్చి కాలవను ఆ వైపుకు వెడల్పు చేస్తుంది. కర్రలు, మొక్కలు ఒకే వరసలో ఉన్నాయి.

రాఘవులుకు అరవై ఎనిమిదేళ్ళు. ఊరికి దక్షిణాన ఉన్న కెమికల్ ప్లాంట్లలో ముప్పై ఒక్క ఏళ్ళు లీక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. స్నిఫర్ అనే యంత్రం గొట్టాన్ని ప్రతి వాల్వు దగ్గరా పెట్టి, గాలిలో కలవకూడనిది ఎంత కలుస్తోందో అంకె రాసుకోవడం ఆ పని. యంత్రం కంటే ముందు అతని ముక్కు చెప్పేసేదని ప్లాంటులో పేరు. రిటైరయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊరికే నడవడం రాఘవులుకు చేతకాలేదు. దేన్నో ఒకదాన్ని తనిఖీ చేస్తూ అయితే నడవగలడు. అలా అడవి ఆర్కిడ్లు మొదలయ్యాయి.

ఆ చుట్టుపక్కల అడవి ఆర్కిడ్ల జాబితా రాసే క్లబ్బు ఒకటుంది. సభ్యులు పద్నాలుగు మంది. జాబితా ఉండేది మార్గరెట్ దగ్గర. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు, హైస్కూలు టీచరుగా రిటైరైంది. ఎక్కడ ఏ మొక్క కనిపించినా ఆమె ఇచ్చిన ఫారం నింపాలి: తేదీ, చోటు, ఎన్ని, ఎత్తు, ఫొటో, వాసన. పదేళ్ళలో రాఘవులు రెండు వందల పన్నెండు ఫారాలు నింపాడు. అతని ఫొటోల్లో చీమ మీసం కూడా లెక్కపెట్టవచ్చునని క్లబ్బులో అంటారు. చెయ్యి వణకకుండా నలభై సెకన్లు ఊపిరి బిగబడతాడు మరి. ఆ రెండు వందల పన్నెండు ఫారాల్లోనూ వాసన గడి ఖాళీ.

మార్గరెట్ ఎప్పుడూ అడగలేదు. ప్లాంట్లలో పనిచేసి ముక్కు పోగొట్టుకున్న మనిషి, అడిగి బాధపెట్టడమెందుకని ఊరుకుంది. తర్వాత కోవిడ్‌లో ఆమెకే వాసన పోయింది, తిరిగి రాలేదు. "ఇప్పుడు మనిద్దరం ఒకటే" అని రాఘవులు భుజం తట్టింది. రాఘవులు కాదనలేదు.

మంగళవారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"ఫొటోలు చూశాను. బ్రహ్మాండం. కానీ రెండు రకాల్లో ఏదో చెప్పలేను. మామూలు రకమైతే కాలవ తవ్వేస్తారు, ఎవరూ ఆపరు. మైదానపు రకమైతే ఇక్కడ చాలా అరుదు. రికార్డు శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపితే అవతలి గట్టు తవ్వుతామని కౌంటీ ఆఫీసులో చెప్పారు. రెండూ ఫొటోలో కవలపిల్లలే. తేడా వాసనలో ఉంది. మైదానపుది బాదం వాసన వేస్తుంది. మామూలుది వేయదు."

"అవును" అన్నాడు రాఘవులు.

"చూసినవాళ్ళే వాసన రాసి సంతకం పెట్టాలన్న రూలు నేనే పెట్టాను. అప్పట్లో ఒకాయన పుస్తకంలోంచి కాపీ కొట్టాడు. ఇప్పుడా రూలు నా మెడకే చుట్టుకుంది. నీకేమో వాసన తెలియదు, నాకూ తెలియదు."

"నాకు తెలుస్తుంది."



"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి."

అప్పుడు చెప్పాడు. వాళ్ళది ద్రాక్షారామంలో గుడికి పూలదండలు కట్టే ఇల్లు. దేవుడికి వెళ్ళే పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎంగిలైనట్టే. దానంతటది సోకిన వాసనకు తప్పు లేదు, వంగి చూస్తే తప్పు. తొమ్మిదో ఏట అతను ఒక సంపెంగను వాసన చూసి మళ్ళీ బుట్టలో వేశాడు. తండ్రి చూశాడు. ఏది ముట్టుకున్నావని అడగలేదు, కొట్టలేదు. బుట్ట మొత్తం అరుగు కింద కుమ్మరించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు స్వామికి సంపెంగ దండ లేదు. రాఘవులు తర్వాత ఏ పువ్వు దగ్గరా ముక్కుతో గాలి పీల్చలేదు.

మార్గరెట్ అంతా విన్నది. "అంటే ఆ ఫొటోలకు నువ్వు ఊపిరి బిగబట్టేది..."

"చెయ్యి వణక్కుండా కూడా."

"రాఘవ్, ఈ పువ్వు మీ గుడిది కాదు."

"తెలుసు."

"శుక్రవారం మధ్యాహ్నం" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

కమలకుమారి వంటింట్లోంచి అంతా విన్నది. ఆగస్టులో ర్యాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి మొదలైతే మొదటి మంచు పడేదాకా ఆమె ముక్కు మూతపడే ఉంటుంది. చారులో ఇంగువ వేశానో లేదో భర్తనడిగే తెలుసుకుంటుంది.

"బావుంది" అంది. "ఉన్నవి మూడు ముక్కులు. రెండు పనిచెయ్యవు. పనిచేసేదానికి మడి."

"నేనేం చూడనన్లేదు."

"చూస్తాననీ అన్లేదు కదండీ. చారు గిన్నెలో మాత్రం మూత తీసి మరీ ముక్కు పెడతారు."

"చారు దేవుడికి పెట్టం."

"నేను రోజూ పెట్టేది ఎవరికనుకుంటున్నారు?" అంది కమలకుమారి.

రాఘవులు గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు.

బుధవారం పాత స్నిఫర్ పట్టుకుని కాలవ దగ్గరికి వెళ్ళాడు. ప్లాంటులో కొత్తవి కొన్నప్పుడు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న యంత్రం అది. గొట్టం పువ్వు దగ్గర పెట్టాడు. సున్నా. బ్యాటరీ మార్చి మళ్ళీ పెట్టాడు. సున్నా. యంత్రం సరిగ్గా ఉందో లేదోనని తన ట్రక్కు పొగగొట్టం దగ్గర పెడితే అరవై చూపించింది. మార్గరెట్‌కు ఫోన్ చేసి, యంత్రం అంకె వాసన గడిలో రాయవచ్చా అని అడిగాడు. రాయకూడదంది.

మధ్యాహ్నం నుంచి మడతకుర్చీ వేసుకుని పువ్వులకు ఆరడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు పువ్వులు ఉండేలా కూర్చున్నాడు. వంగకూడదు గానీ, దానంతటది వస్తే అభ్యంతరం లేదు. గాలి రెండుసార్లు దిక్కు మారింది, కుర్చీ కూడా రెండుసార్లు మారింది. నాలుగింటికి పడమటి గాలి నిలబడింది. అందులో ప్లాంట్ల వైపు నుంచి వచ్చేవి ఏమేమి ఉన్నాయో రాఘవులు పేర్లతో సహా చెప్పగలడు. బాదం లేదు.

పక్క సోయా చేను రైతు పికప్ ఆపాడు. "దేనికోసం ఎదురుచూస్తున్నావు?"

"తూర్పు గాలికి."

రైతు ఆకాశం వంక చూశాడు. "ఆదివారం రావచ్చు" అన్నాడు. ఎందుకని అడగలేదు.

గురువారం వాన. రాఘవులు ట్రక్కులో కూర్చుని అద్దంలోంచి పువ్వుల్ని చూసి ఇంటికొచ్చాడు. కమలకుమారి అతని తడి బూట్లు చూసింది, తలుపు పక్కన పాత న్యూస్‌పేపరు పరిచింది. "మీ అక్కనడగండి" అంది. "రూలు మీ ఇంటిది. దాని సంగతి తెలిసినావిడ ఇంకా ఉంది కదా."

శుక్రవారం పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. ద్రాక్షారామంలో అప్పుడు సాయంత్రం నాలుగున్నర. అక్క కాంతానికి డెబ్బై నాలుగేళ్ళు. తండ్రి పోయాక పూలకొట్టు ఆమెదే.

"ఏరా తమ్ముడూ, ఇప్పుడా చేసేది? సాయంత్రం దండలు కడుతున్నా. పళ్ళ మధ్య దారం ఉంది. తొరగా చెప్పు."

చెప్పాడు. కాలవ, కర్రలు, బాదం, మార్గరెట్, అన్నీ.

"అయితే ఆ పువ్వు కోస్తావా?"

"కొయ్యకూడదక్కా. అరుదైంది."

"కోసి దేవుడికి పెడతావా?"

"పెట్టను."

"మరింకేంట్రా నీ గొడవ? నాన్న ఏమన్నాడు? వాసన చూసిన పువ్వు సామికి పెట్టకూడదన్నాడు. పువ్వు వాసనే చూడకూడదని ఎప్పుడన్నాడు?"

రాఘవులు ఆలోచించాడు. "సంపెంగలన్నీ పారబోశాడు కదా."

"పారబోశాడు. అవి సామివి కాబట్టి. పారబోసినవి ఏమయ్యాయనుకున్నావ్?"

"ఏమయ్యాయి?"

"అమ్మా నేనూ ఏరుకుని జడల్లో పెట్టుకున్నాం. వీధి వీధంతా వాసనే. పారబోసిన మడిసే సాయంత్రం అమ్మ పక్కన కూచుని, సంపెంగలు బావున్నాయే అన్నాడు." కాంతం ఆగింది. "ఒరేయ్, అప్పట్నుంచీ నువ్వు ముక్కు మూసుకు తిరుగుతున్నావా?"



కాంతం నవ్వడం మొదలుపెట్టింది. దారం జారిపోయినట్టుంది, పక్క కొట్టువాళ్ళు ఏమైంది కాంతమ్మగారూ అని అడగడం వినిపించింది. "మా తమ్ముడండీ" అంటోంది. "కెనడాలో. ఇంజినీరు."

రాఘవులు ఫోన్ పెట్టేశాడు. కమలకుమారి ఏమందని అడిగింది.

"చూడొచ్చంది."

"ఇంకేమంది?"

"అంతే."

పదిన్నరకు మార్గరెట్ కాలవ దగ్గర కారు ఆపి ఫారం బానెట్ మీద పెట్టింది. ఎండ కాస్తోంది. వాన తడి ఆరింది. ఎండ తగిలితేనే ఆ పువ్వు వాసన బాగా వస్తుందని ఆమె చెప్పింది. రాఘవులు కెమెరా ట్రక్కులోనే వదిలేసి వచ్చాడు. ఎప్పటిలాగే గట్టు మీద బోర్లా పడుకున్నాడు. ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టాడు. నలభై సెకన్లయ్యాయి. యాభై అయ్యాయి. మార్గరెట్ వాచీ చూసుకుంది.

అప్పుడు గాలి పీల్చాడు.

కాసేపు కదల్లేదు. మార్గరెట్ రెండడుగులు ముందుకు వేసింది.

"ఏమిటి?"

"బెంజాల్డిహైడ్" అన్నాడు.

"అంటే?"

"బాదం." మళ్ళీ పీల్చాడు. "పచ్చి బాదం. కొంచెం వెనిలా."

మార్గరెట్ పెన్ను మూత తీసింది. "రాసేయ్. ఒక్కటి చాలు. పదకొండయింది."

రాఘవులు లేవలేదు. మోచేతుల మీద పాక్కుంటూ రెండో మొక్క దగ్గరికి వెళ్ళాడు. తర్వాత మూడోది. ప్లాంటులో ఒక్క వాల్వు చూసి వంద వాల్వులకు సంతకం పెట్టినవాళ్ళను ఇంటికి పంపేవారు. ఏడో మొక్క దగ్గర రెండుసార్లు పీల్చి తల అడ్డంగా ఊపాడు. ఆ దారిన ఒక కారు ఆగింది. ఈయన బాగానే ఉన్నాడా అని మార్గరెట్‌ను అడిగారు. వాసన చూస్తున్నాడని చెప్పింది. కారు వెళ్ళిపోయింది.

ఇరవై మూడూ చూసి పదకొండూ నలభైకి లేచాడు. చొక్కా ముందుభాగమంతా మట్టి. ముక్కు కొసన పుప్పొడి అంటుకుంది, తుడుచుకోలేదు. కారు బానెట్ మీద ఫారం నింపాడు. మొక్కలు ఇరవై మూడు. వాసన ఉన్నవి పందొమ్మిది. లేనివి నాలుగు.

మార్గరెట్ ఆ చివరి అంకె దగ్గర వేలు పెట్టింది. "ఆ నాలుగు మామూలు రకమన్నమాట. అవి రాయకపోతేనే మనకు మంచిది. ఆఫీసువాళ్ళు దాన్ని పట్టుకుని అనుమానపడొచ్చు."

"లీకు లేని వాల్వు కూడా రాయాలి" అన్నాడు రాఘవులు.

ఆమె ఫోన్‌తో ఫారం ఫొటో తీసి పదకొండూ యాభై రెండుకు పంపింది.

సోమవారం పొద్దున మెషీన్ వచ్చింది. డ్రైవరు రెండు గంటలు టీ తాగుతూ కూర్చున్నాడు. తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి నారింజ కర్రలన్నీ పీకి అవతలి గట్టు మీద పాతారు. మధ్యాహ్నం అటువైపు తవ్వడం మొదలైంది. రాఘవులు ట్రక్కులో కూర్చుని అది చూసి ఇంటికి వచ్చాడు. కమలకుమారి చారు మూత తీసి పట్టుకుంది. ఇంగువ పడిందని చెప్పాడు.

అక్టోబరు మొదటివారంలో మార్గరెట్ నుంచి మందమైన కవరొకటి వచ్చింది. అందులో ఈ పదేళ్ళలో అతను నింపిన పాత ఫారాలన్నీ కాపీలు తీసి ఉన్నాయి. వాసన గడికి ప్రతిదానిలోనూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. పైన టీచరు దస్తూరీతో ఒక చీటీ: ముక్కు పనిచేసేవాళ్ళు ఈ గడి ఖాళీగా వదలకూడదు. మే నెలలో పసుపు ఆర్కిడ్లతో మొదలుపెట్టు.

రాఘవులు పూసే నెలల వరసలో ఫారాలు సర్ది లెక్కపెట్టాడు. రెండు వందల పన్నెండు.