సింహాద్రి వలలకు చోటు పంచిన తీరు

ఫిషింగ్ హార్బర్‌లో వలలు పరిచి బాగుచేసుకునే నేలకూ, పడవలు ఆగే జెట్టీకీ పెద్ద సింహాద్రి. తన తీర్పుకు తిరుగు లేదని ఆయన నమ్మకం. జెట్టీ దగ్గర ఒక్క పడవకే చోటుండి, పడవలవాళ్లు అడిగిన వేళలు ఒకదాని మీద ఒకటి పడితే, ఎవరు ముందుగా ఖాళీ చేస్తారో వాళ్లకే ముందు చోటు ఇస్తాడు. ఎక్కువ పడవలకు వంతు రావాలంటే అదే సరైన దారని మేనకోడలు ఆశ రుజువు చేసి చూపించింది. ఆమె యూనివర్సిటీలో ఇలాంటి లెక్కల మీదే పరిశోధన చేస్తోంది. ఆ వారమంతా సింహాద్రి కాలు నేల మీద ఆనలేదు.

"మరి వలల సంగతేటి మావయ్యా?" అంది ఆశ.

చిన్నవైనా పెద్దవైనా వలలన్నీ గుండ్రంగానే పరుస్తారు. ఎవరి చోటు వాళ్లకు ఖాయం, కానీ ఒకరి గుండ్రం ఇంకొకరి దాని మీదికి వస్తుంది. ఒకదాన్నొకటి తగలకుండా ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని పరవచ్చు?

సింహాద్రి సుద్దముక్కతో మూడు రోజులు గీసి, చెరిపి, లుంగీ తెల్లగా చేసుకున్నాడు.

"నా వల్ల కాదే అమ్మీ."

"త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ దొరకలేదు మావయ్యా. వలలు వందలైతే కంప్యూటరే తల పట్టుకుంటాది."

"అలాగైతే, ఉన్నాటిలో సిన్న వలకి ముందు సోటిచ్చేత్తాను. దాన్ని తగిలేవి ఆగాల. మిగిలినాటికీ అంతే."

ఆశ కాగితం మీద బొమ్మలు గీసి చూసింది. "బాగుంది. ఎంత చెడ్డా, ఎక్కువలో ఎక్కువ పరవగలిగిన వాటిలో ఐదో వంతుకి తగ్గవు."

"ఐదో వంతా?" సింహాద్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ ముక్క మనోళ్ల కాడ అనకే తల్లీ."