సమాధుల తోటలో ఎనిమిది శాంపిళ్లు

నవ్వితే నవ్వండి గానీ, టీ చల్లారేలోపల మొత్తం వినండి. నేను ఎమ్.ఫిల్. రెండుసార్లు ఎందుకు చేయాల్సి వచ్చిందని అడుగుతుంటారు కదా, దానికి కారణం ఒక సమాధి. అందులో మనిషి లేడు. ఉన్నదేమిటో చెప్పడానికే నాకు ఇన్నాళ్లూ సిగ్గేసింది.

రెండు వేల ఒకటో, రెండో. నంద్యాలలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా కొత్తగా కుదురుకున్న రోజులు. ఏ కాలవ చూసినా పాలిథిన్ కవర్లే! మట్టిలో కలిసిపోయే కవరు చేస్తానని టాపిక్ తీసుకున్నా. మొక్కజొన్న గంజిపిండి, నీళ్లు, మెత్తదనానికి గ్లిజరిన్, గట్టిదనానికి రైస్ మిల్లు ఊకపొడి. అన్నీ కలిపి చిక్కబడేదాకా ఉడికించి, గాజుపలకల మీద పల్చగా పోసి ఆరబెట్టడం. గ్లిజరిన్ తగ్గితే ఫిల్ము అప్పడంలా పటుక్కున విరిగేది. ఎక్కువైతే వేలికి అంటుకుని వదిలేది కాదు. మా ఆవిడ గ్రేస్, తన గిన్నెలన్నీ గంజి పట్టిపోతుంటే చూసి చూసి ఒకరోజు అనేసింది.

"ఆ గంజేదో నా కాటన్ చీరలకన్నా పెట్టు. పుణ్యమన్నా వస్తాది."

ఫిల్ము ముక్కకు క్లిప్పు తగిలించి, కింద తూకంరాళ్లు వేలాడదీసి, ఎంత బరువుకు తెగుతుందో రాసుకునేవాణ్ణి. మొదట్లో వంద గ్రాములకే టప్! కిందా మీదా పడి ఏడు రకాలు నిలబెట్టా.

ఇక మిగిలింది పూడ్చిపెట్టి చూసే టెస్టు. డిసెంబరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటికే సెప్టెంబరు అయిపోవస్తోంది. పెరట్లో పాతితే కోళ్లు కెలికేశాయి. కాలేజీ గార్డెన్‌లో పాతితే మొక్కలు నాటేవాళ్లు తవ్వి పారేశారు. నలభై రోజులపాటు ఎవరూ చెయ్యి పెట్టని మట్టి ఎక్కడుంది? అప్పుడు తట్టింది. మా ఆళ్లగడ్డ సమాధుల తోట! మా నాయన చర్చి సంఘపెద్ద, గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

"ఆడ మనుషుల్ని పూడుస్తార్రా, కవర్లను గాదు," అన్నాడు నాయన.

"మూలన నాయనా. ఎవరికీ అడ్డం రాదు."

గొణుగుతూనే తాళం ఇచ్చాడు.

లేబుళ్లు కావాలి కదా. కాగితమైతే వానకు పోతుంది, పెయింటు నిలవదు. మా ఊళ్లో రాతికేం కొదవ? విగ్రహాలు చెక్కే వీరన్న దగ్గరికి పోయి, పారేసిన ముక్కల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు చెక్కి ఇమ్మన్నా. మర్నాడు చూస్తే ఎనిమిదీ జానెడెత్తు, ఒకటే కొలత, పైన గుండ్రంగా, నున్నగా తీర్చి ఉన్నాయి.

"ఊరికే మొరటుగా ఇచ్చేదానికి చెయ్యి రాల్యాప్పా," అన్నాడు వీరన్న.

ఎంత ముచ్చటపడ్డానో! ఒక్కో ఫిల్మును దోమతెర గుడ్డలో చుట్టి, పాతి, పైన మట్టి కుప్ప చేసి, తలవైపు ఒక రాయి నాటాను. తలవైపేమిటి నా మొహం! ఏడింట్లో నా ఫిల్ములు, ఒకదాంట్లో పోల్చి చూడ్డానికి మామూలు పాలిథిన్ కవరు. సమాధుల తోటలో ఎనిమిది చిన్న కుప్పలు, ఎనిమిది చిన్న రాళ్లు. ఎవరికైనా ఏమనిపిస్తుంది? నాకు మాత్రం శాంపిళ్లే కనిపించాయి.

పుట్టుకతో క్రైస్తవుణ్ణి. నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుందని, అందరూ వచ్చి తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారని నాకు తెలియదా? తెలుసు. రోజులు లెక్కేసేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

పండుగ అయిన వారానికి త్రాసు, తాపీ సంచిలో వేసుకుని బస్సెక్కా. శిరివెళ్ల దాటేదాకా నోట్‌బుక్కులో టేబుల్ గీసుకుంటూనే ఉన్నా. గేటు తీసి మూలకు పోయి చూస్తే ఏముంది! ఎనిమిది కుప్పలకూ సున్నం. ఎనిమిదింటి మీదా బంతిపూలు, కరిగిన కొవ్వొత్తులు. పక్కన బిందె పెట్టుకుని మట్టి తడుపుతోంది శాంతమ్మ పెద్దమ్మ. చర్చి వెనక వీధిలో ఒంటరిగా ఉండే కూలి మనిషి.

"యాడికి ప్రభాకరా, తాపీ పట్టుకోని?"

"పెద్దమ్మా... ఇదంతా నువ్వు చేస్తాండావా?"

"ఎవురి బిడ్డలో ఏమో నాయనా. ఎనిమిది మంది పసిబిడ్డలు! పేర్లు గూడా పెట్టకుండా నంబర్లేసి పోయినారు. పండగనాడన్నా ఒక్కరు రాల్యా. నెల నుంచి దినామూ వెనక గోడ సందులో దూరి వచ్చి తలా రెండు చెంబుల నీళ్లు పోస్తాండా."

దినామూ రెండు చెంబులు! నా గంజి ఫిల్ములకు! థీసిస్ పోయింది అనుకున్నా. సిగ్గులేని మనిషిని, ముందు అదే అనుకున్నా.

నిజం చెప్పేశా.

"కవర్లా?"

"కవర్లే పెద్దమ్మా. బిడ్డలు గాదు."

తిట్టినా బాగుండేది. చెంబు పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

"నాకొక మొగబిడ్డ పుట్నాడు. పుట్టిన దినమే పోయినాడు. నేను తెలివిలో ల్యా. ఆసుపత్రోళ్లే యాడనో పూడ్చినారంట. యాడనో ఎవురూ చెప్పల్యా. పండగనాడు అందరూ ఒకరి కాడికి పోతారు. నాకు పోయేదానికి తావు లేదు."

తవ్వడం మొదలుపెట్టా, చేతనైన పని అదొక్కటే. ఒకటోది, గుడ్డ ఖాళీ. రెండు, ఖాళీ. మూడూ ఖాళీయే. గ్లిజరిన్ ఎక్కువైనా తక్కువైనా, ఊకపొడి ఉన్నా లేకున్నా, అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఏది ముందు కరిగిందో, ఏది వెనకో తెలియదు. తూకం వేయడానికి గోరంత ముక్క లేదు. నాలుగో రాయి మీద చెయ్యి వేశా. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఇదొక్కటి ఉండనీ నాయనా. కవరైతే కవరే. దీనికి రాయుంది. నాకు అది సాలు."

నాలుగోది పాలిథిన్! నా ఫిల్ములన్నీ పోయాక థీసిస్‌లో చూపించడానికి మిగిలింది ఆ ఒక్కటే. ఆమె మాత్రం పట్టు వదల్లేదు. తాపీ వెనక్కి తీశా. మిగతా నాలుగూ తవ్వి, ఖాళీ గుడ్డలు సంచిలో కుక్కుకుని వచ్చేశా.

మా గైడ్ సార్ టేబుల్ చూసి కళ్లద్దాలు తీశారు.

"ఏడూ కలిసిపోయాయి, సరే. పాలిథిన్ ఏదయ్యా? కలవనిది చూపించకపోతే కలిసినదానికి విలువేముంది?"

"తియ్యలేకపోయాను సార్."

ఎందుకో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోమన్నారు. ఇంకో రెండేళ్లు గ్రేస్ గిన్నెలకు గంజి తప్పలేదు.

శాంతమ్మ పెద్దమ్మ పోయి మూడేళ్లయింది. నాయన పట్టుబట్టి ఆమెకు ఆ మూలనే, నాలుగో రాయి పక్కనే చోటిప్పించాడు. ఇప్పుడు పండుగకు రెండింటికీ సున్నం కొట్టేది నేనే. క్లాసులో పాలిథిన్ మీద గంటసేపు నిప్పులు కక్కే మనిషిని, ఏడాదికోసారి ఒక పాలిథిన్ కవరుకు పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, చేతులు కట్టుకుని నిలబడతా. కళ్లు కూడా తడుస్తాయి. లోపల కవరు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఆ మాట నాకన్నా గట్టిగా చెప్పగల సైంటిస్టు ఈ జిల్లాలో ఎవడున్నాడు!