విమానానికి ఎదురు

మొన్న బరంపురం శివార్లలోని మా చిన్న విమానాశ్రయం ముందు, అరవై దాటిన ఒక పెద్దమనిషి నీళ్లోడుతున్న పేంటుతో చాలా హుందాగా నడవడం మీలో ఎవరైనా చూసి ఉంటే, అది నేనే. మీరు అనుకున్నది మాత్రం కాదు. పేపర్లో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి జరిగింది జరిగిన వరసలో చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

మా అక్క కూతురు స్వాతికి గువాహటిలో ఉద్యోగం వచ్చింది. ఆర్డర్ చేతికందడం ఆలస్యమైంది, మర్నాడే చేరాలి. రైల్లో వెళితే అందదు. అందుకని ఇక్కణ్ణించి చిన్న విమానంలో భువనేశ్వర్, అక్కణ్ణించి పెద్ద విమానం. మా ఇంట్లో విమానం ఎక్కే మొదటి మనిషి ఆ పిల్లే.

చికిటి నుంచి అక్క వచ్చింది. అక్కకి టికెట్ గురించి బెంగ లేదు, సామాను గురించి లేదు. ఆమె బెంగంతా ఎదురు గురించే. ఎవరు బయల్దేరినా నిండు బిందెతో ఒక మంచి మనిషి ఎదురు రావాలి కదా. ఖాళీ బిందె ఎదురైతే ప్రయాణం అక్కడితో సరి.

మా కుటుంబంలో ఎదురుకి పెట్టింది పేరు మా మేనత్త సుందరమ్మ. పరీక్షలున్న పిల్లల తల్లులు ముందురోజే వచ్చి ఆవిడకి చెప్పుకుని వెళతారు. అలాగే ఎదురుకి బొత్తిగా పనికిరాని మనిషి కూడా ఒకడున్నాడు. నేనే. ఎక్కడ బస్సు బోల్తా పడినా, ఎక్కడ తుఫాను తీరం దాటినా అక్కడికి పరిగెత్తడం నా ఉద్యోగంగా ఉండేది. అందుకని నేను ఎదురొస్తున్నానంటే నా వెనకాల ఏదో కూలిందని మావాళ్ల నమ్మకం. స్వాతి ఇదివరకు రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుంది. రెండుసార్లూ వీధి మలుపులో నేనే తగిలానని అక్క ఇప్పటికీ చెబుతుంది.

"ఈపాలి నువ్వు కారులో ఎనక సీట్లో కూకో. దిగొద్దు," అంది నాతో.

నేను ఒప్పుకున్నాను. ఇంటి గుమ్మం ముందు ఎదురు రమ్మంటే అత్తే ఒప్పుకోలేదు.

"ఇంటికాడ దేనికే? కారెక్కడం పెయాణమేటి? నేల ఇడిసిందే పెయాణం. ఆ ఇమానం కాడికే వస్తాను."

ఈ వాదనలో తప్పు పట్టడం నా వల్ల కాలేదు. పైగా, "ఆ చోటు నాకు తెలుసు," అన్నాను. గొడవంతా ఆ మాటతోనే మొదలైంది.

మా విమానాశ్రయంలో ఒక పక్క మనలాంటి వాళ్లు విమానం ఎక్కుతారు, ఇంకో పక్క సైన్యం ఉంటుంది. రన్‌వే ఒకటే. తుఫాను వచ్చిన ప్రతిసారీ సహాయానికి దిగే హెలికాప్టర్ల వార్త కోసం నేను అక్కడ ఒక పచ్చ గేటు ముందు నిలబడేవాణ్ణి. అప్పట్లో అందరికీ ఆ గేటే. నేను రిటైరయ్యాక కూడా లోకంలో మార్పులు జరుగుతాయని నాకు తట్టలేదు. అత్తని ముందుగా ఆటో ఎక్కించి, పచ్చ గేటు దగ్గర దింపమని డ్రైవరుకి చెప్పాను. "మా కారు కనబడగానే గేటు దగ్గర్నించి ఎదురు నడు, అత్తా," అన్నాను.

ఆ తర్వాత గేటు దగ్గర జరిగింది అత్త చెప్పినదే. రెండో పక్షం వివరణ దొరకలేదు.

అత్త నిండు బిందె చంకనెత్తుకుని గోడ నీడన నిలబడింది. కాసేపటికి ఒక బండి వచ్చింది. ఎదురెండలో ఆవిడకి రంగు ఆనలేదు. మా కారే అనుకుని నడిరోడ్డు మీద చిరునవ్వుతో ఎదురు నడిచింది. అది సైన్యం జీపు. అందులో ఉన్న ఆఫీసరుకి, ఆయన అడక్కుండానే, గంజాం జిల్లాలోకెల్లా మేలైన ఎదురు దక్కింది. ఆయన పని ఏదైనా దివ్యంగా అయ్యే ఉంటుంది.

కాపలా జవాను వచ్చి బిందెలో ఏముందని హిందీలో అడిగాడు. అత్తకి తెలుగు, ఒడియా తప్ప రాదు. "పాణి బాబూ, పాణి," అంది. ఇక్కడెందుకు నిలబడ్డావని అడిగితే మాత్రం ఆవిడ చెప్పగలిగింది లేదు. ఎదురు సంగతి ఏ భాషలో చెప్పినా సైన్యానికి అర్థమయ్యేది కాదు. అతను మర్యాదగానే, ఆ నీళ్లు పక్కనున్న మొక్కల్లో పోసెయ్యమన్నాడు. అతని తప్పు ఇసుమంతైనా లేదు. గేటు ముందు బిందె పట్టుకుని జీపుకి అడ్డం వచ్చిన మనిషిని ఎవరైనా అదే అడుగుతారు.

అత్త నీళ్లు పోసేసి వెనక్కి తిరిగిన క్షణంలోనే మా కారు మలుపు తిరిగింది.

"ఆపండి," అంది అక్క డ్రైవరుతో. "సుందరత్త. ఖాళీ బిందె."

నిజమే. అత్త మాకు నేరుగా ఎదురొస్తోంది. బిందె బోర్లా వేలాడుతోంది.

"ఇంకేటి కావాల. ఇంటికి తిప్పండి," అంది అక్క.

"అమ్మా, కౌంటర్ మూసేస్తారు," అంది స్వాతి. "ఇది పోతే రేపు చేరలేను. నేను చేరకపోతే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు."

"ఇంటికెల్లి కాసేపు కూకొని, నీల్లు తాగి మల్లీ బయల్దేరు. ఆ ఇమానం కాసేపు ఆగదా ఏటి?"

"అది చికిటి బస్సు కాదమ్మా."

ఈలోగా అత్త వచ్చి నా పక్క అద్దం మీద కొట్టింది. "ఏటిరా గణపతీ. ఇది మిలట్రీ గేటట. తెలుసన్నావు?"

"అప్పుడు అందరికీ ఇదే గేటు, అత్తా."

"అప్పుడు నాకు పల్లు కూడా ఉండీవి."

జవాను వెనకే వచ్చి, ప్రయాణికుల గేటు ఇంకా ముందుకి అని చెయ్యి చూపించాడు. అత్త బిందె అతని ముందు పెట్టి, పారబోయించింది నువ్వే, నింపాల్సింది నువ్వే అని ఒడియాలో చెప్పింది. అతను ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి, కాపలా గదిలోకి వెళ్లి బిందె నింపి తెచ్చాడు. అతనికీ ఇంట్లో ఒక అత్త ఉండి ఉంటుంది.

అత్త కారెక్కింది. నిండు బిందె నా ఒళ్లో పెట్టారు. నాకు అప్పగించిన పని అదొక్కటే. టెర్మినల్ ముందు స్పీడ్ బ్రేకర్ ఉందని నాకు తెలియదు. తెలుసన్న గేటు తప్పయింది, తెలియని స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరి బిందె నా ఒళ్లోకి ఒరిగిపోయింది.

అక్క మెల్లగా అడిగింది: "ఎంత మిగిలింది?"

అత్త బిందెలోకి తొంగి చూసింది. "తడి."

స్వాతి బ్యాగు తీసుకుని దిగింది. అక్క కూడా దిగి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వదలదు, ఈ పిల్ల విడిపించుకోదు. లోపల కౌంటర్ దగ్గర ఒక మనిషి గడియారం చూసుకుంటున్నాడు. స్వాతి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పిల్ల ఉద్యోగం నా ఒళ్లో ఒలికిపోయిందని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చూపు పేంటు దగ్గర ఆగింది.

"ఒరే, దిగు. ఆ తలుపు కాడికెల్లి ఇటు తిరిగి రా."

"నేనా?"

"ఈడా?" అంది అక్క. "అత్తా, ఈడెదురొస్తే ఏటవుతాదో నీకు తెల్దా?"

"ఇన్నాల్లూ ఒట్టి సేతుల్తో ఎదురొచ్చినాడు. ఇయ్యాల నిండా నీల్లతో వస్తన్నాడు. నీల్లు బిందెలో ఉంటేనేటి, పేంటులో ఉంటేనేటి? సూడు, కారతన్నాయి కూడా."

ఎదురు విషయంలో అత్త మాటకి మా ఇంట్లో అప్పీలు లేదు. నేను దిగి టెర్మినల్ తలుపు దాకా నడిచాను. అక్కడి గార్డు నా అవస్థ చూసి, చాలా జాలిగా, గొంతు తగ్గించి ఒడియాలో అన్నాడు: "అయ్యా, టాయిలెట్ ఆ పక్క."

"తెలుసు," అన్నాను. అలవాటు.

వెనక్కి తిరిగి, తల ఎత్తి, స్వాతికి ఎదురు నడిచాను. బూట్లు అడుగడుక్కీ చప్పుడు చేస్తున్నాయి. స్వాతి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. అక్క నన్ను చూసింది, నా పేంటు చూసింది, చెయ్యి వదిలింది.

"ఎల్లిరా, అమ్మా."

స్వాతి లోపలికి వెళ్లింది. విమానం అందింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి, చేరిపోయానని చెప్పింది.

ఈ పూట మా పక్క వీధిలో అప్పడాల వ్యాపారం చేసే ఆవిడ మా ఇంటికి వచ్చింది. మామూలుగా అత్త దగ్గరికి వెళ్లే మనిషి. "అన్నయ్యా, రేపు మా అమ్మాయికి పరీక్ష. కాస్త మీరు ఎదురొస్తారా?" అని అడిగింది.

నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లకి మన విలువ తెలిసిందనుకున్నాను. "దానికేం, తప్పకుండా వస్తాను. బిందె నన్నే తెచ్చుకోమంటారా?"

"బిందొద్దండి. సుందరమ్మగారు అంతా సెప్పినారు. మీరు పేంటేసుకుని వస్తే సాలు. నీల్లు మేం పోస్తాం."