చేదు సిరప్పు, కోడి కూత

నా పరువూ నా భక్తీ ఒకే రోజున, ఒకే మూతెడు సిరప్పులో మునిగిపోయిన కథ ఇది. చదివి నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రోజు వార్డులో ఉన్నవాళ్ళంతా మీకంటే ముందే నవ్వేశారు.

శ్రీకాకుళంలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెప్పడం, పొద్దుటి పూట వాళ్ళను పిల్లల వార్డుకు తీసుకెళ్ళి ఏ మందు ఎంత ఇవ్వాలో, తల్లులకు ఎలా చెప్పాలో నేర్పించడం నా పని. పిల్లల మందంటే పెద్దల మాత్రను రెండు ముక్కలు చెయ్యడమే అనుకుంటారు చాలామంది. కాదు. పిల్ల బరువు చూసి లెక్క కట్టాలి. ఆ లెక్క నాకు బాగానే వచ్చు. అయితే లెక్క కట్టాక మందు పిల్ల నోట్లోకి వెళ్ళాలి కదా. తంటా అంతా అక్కడే.

ఆదివారాలు మా చర్చి సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను. అందుచేత కొత్తలో నా ఫార్మసీ పాఠానికీ ప్రసంగానికీ మధ్య గోడ ఉండేది కాదు. "మందు తియ్యగా ఉంటుందని చెప్పకండి. అబద్ధంలో చిన్నదీ పెద్దదీ లేదు. ఒకసారి మోసపోయిన పిల్ల మళ్ళీ నోరు తెరవదు" అని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. మాట నిజమే, ఇప్పటికీ అదే చెబుతాను. కానీ అప్పటి నా ధోరణికి వెనక బెంచీవాళ్ళు, చర్చిలో లాగా ప్రసంగం ముగిసి కానుకల సంచీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు.

ఆ ఆదివారమే పిల్లలకు, గురువును పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర, ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకి, కోడి కూయగానే కుమిలిపోయిన శిష్యుడి కథ చెప్పాను. చెబుతూ ఆ శిష్యుడి మీద కాస్త ఎక్కువే విసుక్కున్నాను కూడా. ఒక్క నిజం చెప్పడానికి ఏం పోయిందట?

మర్నాడు వార్డులో గౌరి మంచం దగ్గర ఆగాం. ఐదేళ్ళ పిల్ల. నిమ్ము చేరి వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, సూదులు గుచ్చి గుచ్చి రెండు చేతులూ కమిలిపోయాయి. నోటి మందు కడుపులో నిలిస్తే ఇంటికి పంపుతాననీ, లేకపోతే మళ్ళీ సూదేననీ డాక్టరుగారు చెప్పి వెళ్ళారు. వాళ్ళ మామ్మ, చేపలమ్ముకునే పైడమ్మ, సీసా మూతలో మందు పోసి బతిమాలుతోంది.

"తాగీయే నా తల్లి. పానకం లాగుంటాది."

గౌరి నోరు సగం తెరిచింది. ఆ సగంలోనే పోసేసి ఉంటే ఈ కథే లేదు.

"అలా చెప్పకూడదమ్మా" అన్నాను.

"ఏటి సెప్పకూడదు?"

"తియ్యగా ఉంటుందని. అది అబద్ధం."

"మరి నిజం సెప్తే తాగుతాదేటి, డాకటరమ్మా?"

"నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని."

"ఏదైతేటి. పిల్ల నోరు తెరిసింది, మూయించీకు."

మూయించాను. విద్యార్థులు చూస్తున్నారు మరి. మంచం అంచున కూర్చుని, "గౌరీ, నేను నిజమే చెబుతాను. ఇది చేదు" అన్నాను. అక్కడితో ఆపొచ్చు కదా. ప్రసంగానికి అలవాటుపడ్డ నోరు ఆగుతుందా? "వేపాకు కంటే చేదు. మింగాక కూడా చేదే" అని కూడా చెప్పాను.

గౌరి నోరు బీరువా తలుపులా మూతపడింది. పక్క మంచం మీది బాబు కూడా మూసేసుకున్నాడు. వాడికి రాసినవి తియ్యటి విటమిన్ చుక్కలు.

"మావోడు రోజూ తాగీవోడు. మీరొచ్చి సెడగొట్టీసినారు" అంది వాడి తల్లి.

నర్సు సూదుల ట్రే సర్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని గౌరి రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. అది చూశాక ప్రసంగం ఆపి బతిమాలడం మొదలుపెట్టాను.

"కొంచెం తాగమ్మా."

"ముందల నువ్వు తాగు."

ఫార్మసీ చదివినవాళ్ళెవరూ చెయ్యకూడని పని చేశాను. ఇంకో మూతలో కాస్త పోసుకుని నోట్లో వేసుకున్నాను. ఆ మందు మోతాదు, ఇచ్చే వేళలు, దాచే పద్ధతి అన్నీ నాకు కంఠతా వచ్చు. రుచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. కాకరకాయను తుప్పు మేకులతో కలిపి నూరినట్టుంది. చెవులు కూడా చేదెక్కాయి.

"ఎలగుంది?" అంది గౌరి.

వార్డంతా నా నోటివంకే చూస్తోంది. నేను మాత్రం ఆ పిల్ల వీపు వెనకున్న చేతుల గురించే ఆలోచిస్తున్నాను.

"బాగుంది. తియ్యగా ఉంది" అన్నాను.

కిటికీ అవతల కోడి కూసింది.

కల్పన కాదండీ. డాక్టరుగారికి ఇద్దామని పైడమ్మ ఊరి నుంచి తెప్పించిన పుంజు వరండాలో బుట్ట కింద ఉంది. పొద్దుటినుంచీ నోరెత్తనిది సరిగ్గా అప్పుడే ఎత్తింది. విద్యార్థుల్లో ఢిల్లేశ్వరరావు మా సంఘం కుర్రాడే. ముందురోజు నా కథ విన్నవాడే. మెల్లగా అడిగాడు: "మేడమ్, ఇంకో రెండుసార్లు అడగమంటారా?"

గౌరి నన్నే చూస్తోంది. "అబద్దం. నీ కల్లంట నీల్లు కారతన్నాయి."

"అవునమ్మా, అబద్ధమే. నీకు మళ్ళీ సూది గుచ్చుతారేమోనని భయమేసింది. ఇది చాలా చేదు."

గౌరి నా ముఖంలోకి వంగి చూసింది. "మల్లీ ఆ మొగం పెట్టు."

కొత్తగా పెట్టక్కర్లేదు, అది ఇంకా అలాగే ఉంది. గౌరి పకపకా నవ్వింది. "అంత పెద్దదానివి, ఏడిసీసినావు. నానేడవను సూడు" అని మామ్మ చేతిలో మూత లాక్కుని గటగటా తాగేసింది. ముఖం నాలాగే పెట్టింది కానీ, ఏడవలేదు. వాంతి అవుతుందేమోనని అందరం కదలకుండా కూర్చున్నాం. కాలేదు. నర్సు ట్రే తీసుకెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో నాకు ఆ శిష్యుడే గుర్తొచ్చాడు. చలిమంట పక్కన నిలబడి భయపడ్డ ఒక మనిషిని, ఏ భయమూ లేని చోట నిలబడి నేను విసుక్కున్నాను. గౌరికి కూడా నిజాన్ని అలాగే, పైనుంచి విసిరాను. చేదు చేదని చెప్పడం సులువు. ఎదుటివాళ్ళ పక్కన కూర్చుని ఆ చేదు మింగడం వేరే సంగతి.

ఇంటికెళ్ళే రోజు పైడమ్మ పుంజును తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది డాక్టరుగారికి కదమ్మా?"

"ఆయనకి సేపలిస్తాను. ఇది నీకే. అబద్దమాడితే సెప్తాదట గదా."

ఢిల్లేశ్వరరావు కథంతా ఆమెకు ముందే చెప్పేశాడన్నమాట.

ఆ పుంజును కొయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. బతికినన్నాళ్ళూ అది నా కిటికీ కిందే కూసింది. ఆ కూత వినబడ్డప్పుడల్లా, నిన్న ఏమేం అన్నానో గుర్తు చేసుకుంటూ లేచేదాన్ని.

కాబట్టి సంఘం ముందు నిలబడ్డంత గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నేను మింగని చేదు మీద ఏ పిల్లకూ ప్రసంగం చెయ్యను. ఏ చేదు మందునూ తియ్యటిదని అనను. ఒకవేళ నాలుక జారేలా ఉంటే, ముందు లేచి వెళ్ళి, ఏ కోడీ వినకుండా కిటికీ వేసి వస్తాను.