లక్కపిడతల్లో మాత్రలు

దసరాకి బొమ్మల కొలువంటే మా అత్తగారికి ప్రాణం. తాడేపల్లిగూడెంలో ఉన్నన్నాళ్ళూ మెట్లు కట్టడం, బొమ్మలు తుడవడం, పేరంటాళ్ళని పిలవడం అన్నీ ఆవిడే. రెండేళ్ళ క్రితం మామగారు పోయాక వట్లూరులో మా ఫ్లాటుకి వచ్చేశారు. బొమ్మల ట్రంకుపెట్టె కూడా వెంట వచ్చింది.

పోయిన దసరాకి కొలువంతా నేనే పెట్టాను. "మీరు కుర్చీలో కూర్చుని చూడండి అత్తయ్యగారూ, మోకాళ్ళ నొప్పులు కదా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? పేరంటం వేళకి "లోపల కాసేపు నడుం వాల్చండి" అన్నాను. మోకాళ్ళు ఒక వంక. భర్త పోయినావిడ ఎదురుగా ఉంటే పక్క ఫ్లాట్లవాళ్ళు ఏమనుకుంటారోనని నా భయం. బ్యాంకులో ఉద్యోగం చేసేదాన్ని, నాకీ బుద్ధి! ఆవిడ "అలాగేనమ్మా" అని వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. రోజూ అదే వరస.

ఐదో రోజు సాయంత్రం ఒకావిడ లక్కపిడతలు చూసి ముచ్చటపడింది.

"ఈ బుల్లి గిన్నెల మూతలు కూడా వస్తాయాండీ?"

"ఎందుకు రావండీ!" అంటూ గొప్పగా ఒక మూత తీశాను. లోపల మాత్రలు. ఇంకోటి తీశాను. అందులోనూ మాత్రలే. తెల్లవి బీపీవి, పసుపుపచ్చవి మామగారు పోయాక దిగులుకి డాక్టరు రాసినవి. రోజూ పొద్దున్నే నేను ఆవిడ చేతిలో పోసి, పక్కన మంచినీళ్ళు పెట్టి, బస్సుకి పరిగెత్తే మాత్రలు. గబుక్కున మూతలు పెట్టేశాను. వచ్చినావిడకి బొట్టు పెట్టానో లేదో కూడా గుర్తులేదు.

ఆవిడ వెళ్ళగానే గదిలోకి వెళ్ళి "ఏంటండీ ఇది?" అని అరిచాను. అరవకూడదని తెలుసు. అయినా అరిచాను.

అత్తగారు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. "నలుగురికీ కనపడకూడని మనిషికి మందులెందుకమ్మా?"

ఛీ, ఎంత పని చేశాను!

అప్పటికప్పుడు ఆవిడని ఆటోలో ఏలూరు తీసుకెళ్ళాను. బీపీ చూసి డాక్టరే కంగారుపడ్డారు. మందులు మళ్ళీ మొదలుపెట్టించి, పండగ సందడి వేళ ఆవిడని ఒంటరిగా గదిలో ఉంచొద్దని గట్టిగా చెప్పారు.

తిరిగొస్తూ ఆటోలోనే చెప్పేశాను. "తప్పు నాదండీ. మోకాళ్ళ కోసం కాదు, జనం కోసం లోపలుండమన్నాను."

"తెలుసు" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

మర్నాడు పేరంటానికి ఆవిడ కుర్చీ కొలువు పక్కనే వేశాను. కూర్చోకుండా గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఎవరైనా ఏమైనా అంటారేమోనమ్మా."

"అననివ్వండి. నాకూ నోరుంది."

శనగలు, తాంబూలం ఆవిడ చేతే ఇప్పించాను. ఒకావిడ చెయ్యి చాపడానికి తటపటాయించింది. నేను కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను. పుచ్చుకుంది. తర్వాత వచ్చినావిడ మాత్రం వంగి అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. అత్తగారు ఆవిడ తల మీద చెయ్యేసి దీవించారు.

మర్నాడు పొద్దున మాత్రలిచ్చి అక్కడే నిలబడ్డాను. మింగారు. నేను కదల్లేదు.

"ఏం, నోరు తెరిచి చూపించనా? బస్సు పోతుంది, వెళ్ళు! కొలువులో ఆ ఏనుగు బొమ్మని పై మెట్టు మీద ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అని కసిరారు.

మా ఇంటికొచ్చాక ఆవిడ నన్ను కసరడం అదే మొదటిసారి. దెందులూరు దాటేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.